కాబట్టి లేని పుస్తకం

ఫోన్ మోగేసరికి నేను కందిపప్పు కడుగుతున్నాను. పదకొండు దాటింది. పనిలో ఉండగా ఫోన్ చేసే అలవాటు మా వారికి లేదు. తడి చేత్తోనే ఎత్తాను.

"ఇదిగో, నువ్వు రాసిన పుస్తకం కొంప ముంచిందే. తెల్ల కాగితాలు, గమ్ము, నీ నల్ల పెన్ను పట్టుకుని వెంటనే స్టూడియోకి వచ్చెయ్."

"ఏ పుస్తకమండీ?"

"ఎన్ని రాశావేంటి? గేదె పుస్తకం! మధ్యాహ్నంలోగా సరిచెయ్యకపోతే రేపట్నుంచి నన్ను రావద్దన్నారు."

పెట్టేశారు. పెన్ను దొరికింది, గమ్ము దొరకలేదు. గమ్ము దొరికాక చెప్పులు కనపడలేదు. కుళాయి కట్టేశానా లేదా అని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. రేపట్నుంచి రావద్దు అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

మా వారు సినిమా సెట్లకి రంగులు వేస్తారు, సీనులో కావలసిన బొమ్మలు గీస్తారు. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాక ఈ ఆర్ట్ డైరెక్టరు గారి దగ్గర పిలుపొచ్చింది. ఆ ఎనిమిది నెలలూ ఆయన్ని ఇంట్లో చూసినదాన్ని. వంటింటి తలుపుకి మూడుసార్లు రంగు మార్చారు. నాలుగోసారి బ్రష్షు తీస్తే నేనే లాక్కుని దాచాను. పని దొరికిన రోజున దేవుడి ముందు ఏమీ అడక్కుండా కూర్చున్నాను, ఊరికే దణ్ణం పెట్టుకోవడానికి. ఇప్పుడు ఆ పని పోతే నా చేతిరాత మూలంగా పోతుంది.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. సినిమాలో ఒక తల్లి తన ఐదేళ్ళ కూతురిని పడుకోబెడుతూ బొమ్మల పుస్తకం చదువుతుంది. తెల్లారితే ఆమె ఆపరేషన్‌కి వెళ్ళాలి. కథ విని కూతురు "ఇంకొక్కసారి చదువమ్మా" అంటుంది. అంతే సీను. అందులోకి కొట్లో దొరికే పుస్తకం పెట్టడానికి లేదట. ఎవరో రాసి అచ్చువేసుకున్నది తెర మీద కనపడితే వాళ్ళ అనుమతి కావాలి. అందుకని అట్ట దగ్గర్నుంచి అక్షరాల దాకా ఆర్ట్ వాళ్ళే ఒక ఉత్తుత్తి పుస్తకం తయారు చేసుకుంటారు. దూరం నుంచి తీస్తాం, రంగురంగులుగా ఏదో ఒకటి ఉంటే చాలు అన్నారని మా వారు ఇంట్లోనే కూర్చుని నాలుగు బొమ్మలు వేశారు. చింతచెట్టు కొమ్మ మీద కళ్ళజోడు పెట్టుకున్న గేదె. కాళ్ళూ చేతులూ వచ్చిన పకోడీ. తుమ్ముతున్న మబ్బు. జలుబు చేసి దుప్పటి కప్పుకున్న బస్సు.

"కింద రెండు మూడు లైన్లు రాసిపెట్టు. నీ అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి" అన్నారు.

మంచి పద్యం ఏదైనా రాద్దామనే పెన్ను తీశాను. తీసి ఆగిపోయాను. షూటింగ్ అయ్యాక ఈ సామానంతా ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. గోడౌన్లో కుప్ప పడుతుంది. దాని మీదుగా లైట్ల స్టాండ్లు ఈడుస్తారు, మనుషులు నడుస్తారు. కాగితానికి కాలు తగిలితే తీసి కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని, పెద్దల మాటని చేతులారా తొక్కుడికి ఎలా పంపను? రాయనని చెబితే ఆయనకి ఇబ్బంది. అందుకని ఎవరు తొక్కినా దోషం అంటని మాటలు రాద్దామనుకున్నాను. అంటే ఏ అర్థమూ లేనివి.

గేదె ఒకటి కళ్ళజోడు పెట్టుకుంది,
బస్సు కోసం చింతచెట్టు ఎక్కింది.
బస్సుకేమో జలుబు చేసి రాలేదు,
పకోడీయే వచ్చి రమ్మని పిలిచింది.

పకోడీకి తోక లేదు, అయినా ఊపింది.
గేదెకేమో జేబు లేదు, అందులో కాలు పెట్టింది.
జేబులోంచి వాన తీసి మడత పెట్టింది,
మడత మీద ఇస్త్రీ చేస్తే మబ్బు తుమ్మింది.

ఇలా నాలుగు పేజీలూ పావుగంటలో నిండిపోయాయి. చెయ్యి ఆగకుండా పోతుంటే నాకే కాస్త జంకు కలిగింది. ఇదంతా ఇన్నాళ్ళూ నాలో ఎక్కడుంది?

నేను బడికి ఎక్కువ వెళ్ళినదాన్ని కాదు. ఏడో ఏట కీళ్ళవాపు జ్వరం వచ్చి, గుండె జాగ్రత్త అని డాక్టరుగారు బడి మాన్పిస్తే మా తాతగారే ఇంట్లో చదువు చెప్పారు. నాకీ నాలుగు అక్షరాలు వచ్చాయంటే ఆయన చలవే. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన్ని తలుచుకుంటాను. అయితే ఆయన చెప్పిన ప్రతి కథ చివరా "కాబట్టి" అని వచ్చేది. తాబేలు నోరు విప్పింది, కాబట్టి. కాకి పొగడ్తకి పొంగింది, కాబట్టి. ఒకసారి "కాబట్టి లేని కథ చెప్పండి తాతగారూ" అని అడిగాను. ఆయన నిజంగానే చాలాసేపు ఆలోచించి, "అలాంటిది ఉండదమ్మా" అన్నారు. నేనూ ఉండదనే అనుకుంటూ వచ్చాను.

యూసుఫ్‌గూడలో ఆటో ఎక్కాను. చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడింది. నల్ల అద్దాల కార్లు ముందూ వెనకా నిలబడి ఉన్నాయి. జపం మొదలుపెట్టి పదకొండు దాకా వెళ్ళి లెక్క తప్పాను. మళ్ళీ మొదలుపెట్టి ఆరు దగ్గరే తప్పాను. ఆటో ఆయన అద్దంలోంచి చూశాడు.

"ఏంది అమ్మా, షూటింగ్ చూడ పోతున్నరా?"

"లేదు నాయనా, పనుంది."

"అయితే ఫికర్ చెయ్యకుండ్రి, అడ్డదారిల కొట్టుకపోత."

జూబ్లీ హిల్స్ ఇళ్ళ వెనక సందుల్లోంచి, బోగన్‌విల్లా గోడల పక్క నుంచి ఎగుడుదిగుళ్ళలో తీసుకెళ్ళి పది నిమిషాల్లో స్టూడియో గేటు ముందు దింపాడు. ఆయన పిల్లలు చల్లగా ఉండాలి.

షూటింగ్ ఫ్లోర్ లోపల ఏసీ చలి, కొత్త రంగు వాసన. మధ్యలో మూడు గోడల పడకగది. బయట ఎండ మండుతుంటే అక్కడ కిటికీలో వెన్నెల కాస్తోంది. మా వారు నా చేతిలో గమ్ము సీసా చూసి ఊపిరి పీల్చుకున్నారు. ఆయన పక్కనే ఆర్ట్ డైరెక్టరు గారు.

"ఏం బాబూ, ఈవిడేనా మీ రచయిత్రి? రేపట్నుంచి ఈవిణ్ణే పంపు. నువ్వు ఇంట్లో ఉండి వంట చెయ్యి."

మా వారు నేల చూపులు చూశారు. జరిగింది చెప్పింది అసిస్టెంట్ డైరెక్టర్ అమ్మాయి. కరీంనగర్ వైపు పిల్ల, మెడలో ఐడీ కార్డు, చేతిలో సీను కాగితాలు.

హీరోయిన్‌ది ముంబై. తెలుగు చదవడం రాదు. ఆమె మీద షాట్లు తీసేటప్పుడు అంకెలు చెబుతూ పెదాలు కదిపితే సరిపోయిందట, తర్వాత డబ్బింగ్‌లో మాటలు పెట్టుకుంటారు. చిక్కు కూతురి వేషం వేసిన పాప క్లోజప్‌లో వచ్చింది. ఐదేళ్ళ పిల్ల అంకెలు విని ఎలా మురిసిపోతుంది? అందుకని పుస్తకంలో ఉన్నదే చదవమన్నారు డైరెక్టరు గారు. ఈ అమ్మాయి కెమెరా పక్కన నిలబడి చదివింది.

"చదివిన్నక్కా. పకోడి తోక ఊపుడేందక్కా! నవ్వు ఆపుకోలేకపోయిన. పాపైతే మంచం మీద పడి దొర్లింది. పుస్తకాన్ని తన్నింది. నాలుగు టేకులు గట్లనే పోయినయి."

ఇంతలో డైరెక్టరు గారే వచ్చారు. కోపం మనిషి కాదు, అలసిపోయిన మనిషి. "చూడండమ్మా, అది తల్లి ఆఖరిసారి చదువుతుందేమో అనిపించే సీను. పిల్ల దొర్లి నవ్వితే ఎలా? ఓ మంచి కథ రాయండి. నీతి ఉండాలి, కాస్త ఫీల్ ఉండాలి. హీరోయిన్ గారికి నాలుగున్నరకి ఫ్లైట్. ఈ షాట్‌లో ఆవిడ భుజమూ చెయ్యీ కనపడాలి, రెండున్నర దాటితే ఆవిడ ఉండరు."

నీతి కథ అంటే నాకు కష్టమేముంది? పుట్టిన దగ్గర్నుంచి తిన్న అన్నం అది. లైట్‌మ్యాన్ ఒకాయన ఎవరూ అడక్కుండానే తను కూర్చున్న కుర్చీ నాకు వేశాడు. కూర్చుని రెండు ఉడతల కథ రాశాను. ఒకటి గింజలు దాచుకుంది, ఒకటి పంచిపెట్టింది, వానాకాలం వచ్చింది, కాబట్టి పంచుకుంటే తరగదు. కాగితం చీలికల మీద రాసి గేదె మాటల మీద అంటించాను. బొమ్మలు ముందరి షాట్లో పడ్డాయి గనక మార్చడానికి లేదు. చింతచెట్టు మీద కళ్ళజోడు గేదె, కింద ఉడతల నీతి. దూరం నుంచి ఎవరికి తెలుస్తుందిలే అన్నారు మా వారు.

తెలిసింది. పాపకే తెలిసింది. అసిస్టెంట్ అమ్మాయి ఈసారి నవ్వకుండా కథ చదువుతుంటే, పాప ముందు బొమ్మ చూసింది, తర్వాత చదివే మనిషిని చూసింది, తర్వాత పైన వేలాడే లైట్లని చూసింది. చివర తన మాట చెప్పింది, బళ్ళో హాజరు పలికినట్టు. రెండో టేకులో ఆవలించింది. మూడో టేకులో ఉడతకి గింజ దొరక్కముందే "ఇంకొక్కసారి చదువమ్మా" అనేసింది, త్వరగా వదిలిపోతుందని.

"జర మంచిగ చెప్పు బిడ్డా" అని పక్క నుంచి వాళ్ళమ్మ బతిమాలుతోంది. కృష్ణానగర్ నుంచి తెల్లారే తీసుకొచ్చిందట పిల్లని.

డైరెక్టరు గారు టోపీ తీసి తల గోక్కుని, "లంచ్" అన్నారు. ఒకటీ ఇరవై. మా వారు టిఫిన్ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశారు. నేను నిలబడ్డాను, కూర్చున్నాను, గోడ వెనక్కి వెళ్ళి ప్లైవుడ్ మేకులు చూసి వచ్చాను. నా వల్ల తప్పు జరిగింది, దిద్దితే ఇంకా పెద్దదయింది. అమ్మా చదువులతల్లీ, నీ మర్యాద కోసమే కదా అర్థం లేనివి రాశాను, ఇప్పుడు అర్థం ఉన్నవి రాసినా ఎందుకు పలకవు? అలా నిలదీసినందుకు వెంటనే లెంపలు వేసుకున్నాను.

గోడ చుట్టూ తిరిగి వచ్చేసరికి పాప మంచం మీద బోర్లా పడుకుని ఉంది. ముందు పుస్తకం. నేను అంటించిన చీలికని గోటితో మెల్లగా లేపుతోంది. గమ్ము ఇంకా తడి ఆరలేదు. రెండు పేజీలు అప్పటికే ఊడిపోయాయి.

"అయ్యో బంగారం, ఏం చేస్తున్నావ్?"

"బర్రె కోసం చూస్తున్న."

"అది లేదుగా అమ్మా. ఇప్పుడు ఉడతలు వచ్చాయి కదా."

పాప నన్ను జాలిగా చూసింది. "గీ కాగితం కిందనే ఉంది గద. మీరు మీద అతికిచ్చిన్రు."

అక్షరాలు రాని పిల్ల. కింద ఉన్నది చదవలేదు. అక్కడ ఉందని మాత్రం తెలుసు. మూడో చీలిక కూడా లాగి, నలిపి, దిండు పక్కన పెట్టి, ఆ పేజీ నా వైపు తిప్పింది. "పకోడి ఏమన్నది? చెప్పు."

ఆర్ట్ డైరెక్టరు గారు అప్పుడే వచ్చారు. ఊడిన కాగితాలు చూశారు. ఆయన నోరు తెరిచే లోపల నేను అసిస్టెంట్ అమ్మాయిని పిలిచాను. ఎక్కడిదో తెలియదు ఆ ధైర్యం.

"అమ్మా, ఇందాక మొదట చదివినప్పుడు నువ్వు కూడా నవ్వావన్నావు కదూ?"

"అవునక్కా, చెప్పిన గద."

"అయితే ఒక్కసారి నన్ను చదవనివ్వమని అడుగుతావా?"

మా తాతగారు చాటుపద్యాలు కూడా చెప్పేవారు, ఎగతాళివి. ఎంత నవ్వొచ్చే పద్యమైనా మొహం కదలకుండా, మంగళహారతి పాడినంత శ్రద్ధగా చదివేవారు. చదివే మనిషే నవ్వేస్తే వినేవాడికి ఏం మిగులుతుందమ్మా అనేవారు. పాప దొర్లి నవ్వింది పకోడీని చూసి కాదేమో, చదివే అమ్మాయి నవ్వుని చూసేమో అనిపించింది. అనిపించడమే. పొరపాటైతే మా వారి సంగతి అంతటితో సరి.

డైరెక్టరు గారు గడియారం చూసుకున్నారు. "ఒక్క టేక్" అన్నారు.

కెమెరా పక్కన నేల మీద కూర్చున్నాను. హీరోయిన్ పాపని దగ్గరికి తీసుకుంది. ఎంత చక్కని పిల్లో ఆమె, నా వైపు చూసి చిన్నగా తల ఊపింది. మా వారు చీకట్లో ఎక్కడో ఉన్నారు. మొదలుపెట్టాను. పద్యం చదివినట్టే, విరుపు ఉన్న చోట విరిచి, ఎక్కడా తొందరపడకుండా.

గేదె ఒకటి కళ్ళజోడు పెట్టుకుంది.

పాప కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. నవ్వలేదు. బస్సుకి జలుబు అనగానే కనుబొమలు ముడిచింది, చుట్టాలింట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని విన్నట్టు. పకోడీకి తోక లేదు అన్నాను. బొమ్మ చూసి సరిచూసుకుంది, నిజమే, లేదు. అయినా ఊపింది అన్నాను. ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. ఇది నిజమేనా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను గంభీరంగా తల ఊపాను. అప్పుడు ఆ మొహంలోకి మెల్లగా ఒక వెలుగు వచ్చింది. ఎవరికీ చెప్పకూడని రహస్యం తనొక్కదానికే చెప్పినట్టు. హీరోయిన్ చెయ్యిని రెండు చేతులతో పట్టుకుంది.

పొద్దున లేచిన దగ్గర్నుంచి పిల్లలకి మనం చెప్పే మాటలన్నీ వాళ్ళని ఎటో ఒకవైపు తోసేవే. తిను, రాయి, పంచుకో, దణ్ణం పెట్టు. ఆ గేదె ఒక్కటే పాపని ఏమీ చెయ్యమనలేదు, ఏమీ నేర్చుకోమనలేదు. రా, పక్కన కూర్చో అంది, అంతే. పనసకాయంత బరువుని కాండానికి వేలాడదీసి, ఏనుగుకి ముక్కునే చెయ్యిగా ఇచ్చిన భగవంతుడు కూడా వాటి కింద ఎక్కడా నీతివాక్యం రాయలేదు కదా అని నాకు తర్వాత తోచింది. అప్పుడు మాత్రం ఏమీ తోచలేదు. మబ్బు తుమ్మిందన్న దగ్గర ఆగాను.

పాప తన మాట మరిచిపోయింది. హీరోయిన్ వైపు తిరిగి, "మల్ల సదువు" అంది. అడగడం కాదు, ఆజ్ఞ.

కట్ అన్న మాట వెంటనే రాలేదు. వచ్చాక "డైలాగ్ మారింది కదా సార్" అని ఎవరో అంటుంటే, డైరెక్టరు గారు "ఉండనీ. పిల్ల అలాగే అంటుంది. అదే ఉంచేద్దాం" అన్నారు. టైము రెండుంబావు.

హీరోయిన్ కారెక్కి వెళ్ళిపోయింది. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. పుస్తకం సామాన్ల గదిలోకి పోయింది. సినిమా పూర్తయ్యేదాకా మళ్ళీ కావలసి రావచ్చని తాళం వేస్తారు. పాప నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"తర్వాత ఏమైంది? మబ్బు తుమ్మినంక?"

"తర్వాత పేజీలు లేవు నాన్నా, అంతే."

"ఎందుకు లెవ్వు? నువ్వే రాసినవంట గద. మా అమ్మ చెప్పింది."

"రేపు నువ్వొచ్చేసరికి మా ఆయన తెస్తారు" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. రేపు ఆయన రావాలా వద్దా అన్నది ఎవరూ చెప్పనే లేదు. ఆర్ట్ డైరెక్టరు గారు మా ముందు నుంచే వెళ్ళారు, బాగుందనలేదు, రమ్మనలేదు. ఆ పనుల్లో పద్ధతి అంతే. సాయంత్రం పేర్ల జాబితా ఫోన్‌కి వస్తుంది. పేరుంటే మర్నాడు పని, లేకపోతే లేదు. ఎందుకని అడగడానికి ఉండదు.

ఇద్దరం బండి మీద ఇంటికి వచ్చాం. రాగానే ఆయన ఫోన్ దేవుడి గూటి పక్కన పెట్టారు. కందిపప్పు నాని ఉబ్బిపోయింది, కడిగి పొయ్యి మీద పెట్టాను. దీపం వెలిగించాను. ఆటో ఆయనకి, కుర్చీ ఇచ్చిన ఆయనకి, హీరోయిన్‌కి, ఆ పాపకి పేరుపేరునా మేలు జరగాలని కోరుకున్నాను. అంతా అయ్యాక ఫోన్ వైపు చూశాను. మా వారు బ్రష్షులు కడిగారు. కడిగినవే మళ్ళీ కడిగారు.

"ఆయన మనసులో ఏముందో" అన్నారు.

"మీ బొమ్మలే కదండీ పాప చూసింది."

"నీ మాటలే కదే గోకి గోకి బయటికి తీసింది."

అంతలో ఫోన్ కుయ్యిమంది. ఇద్దరం ఒకేసారి చెయ్యి పెట్టాం. చత్వారం అద్దాలు లేక ఆయనకి కనపడలేదు, నేనే చదివాను. రేపు ఉదయం ఏడు, ఫిల్మ్ నగర్. పేర్లలో నాలుగోది ఆయనది. ఆయన మంచం అంచున కూర్చుండిపోయారు. నేను గూటి ముందుకి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత అట్టముక్కలు నాలుగు తెచ్చి ఆయన ముందు పెట్టాను. పాపకి మాట ఇచ్చిన సంగతి చెప్పాను.

"ఏం వెయ్యమంటావ్?"

"ఏదో ఒకటి వెయ్యండి."

"ఏదో ఒకటి అనే ఇంత దూరం తెచ్చుకున్నాం" అంటూనే పెన్సిలు తీశారు. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. ఆవేళ పావుగంటలో పొంగిన మాటలు ఇప్పుడు కావాలని పిలిస్తే ఒక్కటీ రావడం లేదు. వచ్చినవన్నీ బుద్ధిగా వస్తున్నాయి.

ఆయన అట్ట నా వైపు తిప్పారు. చపాతీల పీట ఒకటి గొడుగు వేసుకుని మెట్లు దిగుతోంది.

"ఎక్కడికి వెళ్తోందండీ?"

"నాకేం తెలుసే? రాయాల్సింది నువ్వు కదా."

పెన్ను మూత తీశాను.